పర్ర మీద పొడి

తెల్లటి నేలంటే నాకు ఒళ్ళు మంట. ఎవరింటి ముందైనా ముగ్గుపిండి ఒలికి ఉంటే చుట్టూ తిరిగి వెళ్తాను గాని దానిమీద అడుగు వెయ్యను. మా ఆవిడ దీన్ని చాదస్తం అంటుంది. అనుకోనీ. ఆవిడకి కూడా చెప్పని సంగతి ఇది. ఇన్నాళ్ళకి కాగితం మీద పెడుతున్నాను, అదీ ఇష్టంగా కాదు.

ఉప్పు కచేరీలో నేను మూడేళ్ళు ఉద్యోగం చేశాను. తెల్లారగానే వట్టికాళ్ళతో పర్ర మీదికి దిగి, ఎక్కడ ఎంత పొడి లేచిందో, రేపు ఎంత లేస్తుందో రాసి పంపడం నా పని. పర్ర అంటే మా ఉప్పాడ దిగువన సముద్రానికీ ఊళ్ళకీ మధ్య పడి ఉండే చవిటి నేల. గడ్డి మొలవదు, గొడ్డు మేయదు. పౌర్ణమికి పోటు పెద్దదైతే నీళ్ళు ఆ పల్లంలోకి ఎక్కి నిలిచిపోతాయి. వేసవిలో ఆ నీళ్ళు ఎండితే నేలమీద తనంతట తానే ఉప్పు లేస్తుంది. దానికోసం ఎవడూ మడి కట్టలేదు, ఎవడూ నీళ్ళు తోడలేదు. అయినా అది సర్కారు ఉప్పే. గుప్పెడు తీసినా నేరమే.

పోనీ సర్కారుకి దాంతో ఏమైనా పనుందా అంటే, అదీ లేదు. మట్టి కలిసిన ఉప్పని తాము ఉప్పు నిలవచేసి అమ్మే కొఠారులో పెట్టుకోరు. జనం తీసుకుంటే కొఠారు ఉప్పు కొనేవాడు ఉండడు గనక, దాన్ని తొక్కించేస్తారు. బంట్రోతులు వరసగా నిలబడి, నాలుగు జతల ఎద్దుల్ని కూడా తోలి, ఆ తెల్లదనాన్నంతా బురదలోకి తొక్కేసేవారు. మనిషి నోటికి పనికొచ్చేదాన్ని మట్టిలో కలపడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టిన ఆ తెలివికి ఇప్పటికీ నాకు నోరు పెగలదు.

తొక్కడానికీ అదును ఉంటుంది. ముందే తొక్కితే కింది తడిలోంచి రెండురోజుల్లో మళ్ళీ లేస్తుంది. ఒక్క పూట ఆలస్యమైతే పల్లెవాళ్ళు ఊడ్చుకుపోతారు. ఆ అదును ముందుగా చెప్పగలిగినవాడు వాళ్ళకి కావాలి. బంట్రోతుల్లో ఆ విద్య ఎవరికీ లేదు. నాకు ఉంది.

ఆ విద్య నాకు మా అక్క నేర్పింది.

అమ్మ నా మూడో ఏట పోయింది. అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. పెళ్ళయిన మూడేళ్ళకి మా బావ సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పట్నుంచీ ఆవిడ ఉప్పుచేప మీద బతికింది, నన్ను బతికించింది. చేపలు కోసి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని పిఠాపురం సంతకి నడిచి వెళ్ళేది. ఆ గంప మీదే నన్ను కాకినాడ మిషను బడిలో చదివించింది. మా ఇంట్లో అక్షరమ్ముక్క వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గర్వం ఆవిడ మొహం మీద ఎంత ఉండేదంటే, సంతలో ఎవరైనా బేరం గట్టిగా ఆడితే, "మా తమ్ముడు సదూతున్నాడు, తెల్సా?" అని దానికీ దీనికీ సంబంధం లేకుండా అనేసేది.

బడి లేని రోజుల్లో నన్ను పర్ర మీదికి తీసుకెళ్ళేది. పీత బొరియ అంచు తెల్లబడితే లేవడం మొదలైనట్టు. ఆ మర్నాటికి నేలంతా పొడి పరుచుకుంటుంది. చూడ్డానికి అదే బాగుంటుంది, పాలనురుగంత తెల్లగా, మెత్తగా. కాని అది చేదు. దాన్ని పట్టిస్తే చేప మెత్తబడి నీరు కారిపోతుంది. రెండు తెల్లవారుజాములు దానిమీద మంచు కురవాలి. మంచు తడికి చేదంతా కరిగి కిందికి దిగిపోతుంది. రెండోరోజు ఎండెక్కేసరికి పొడి కాస్తా రవ్వ కడుతుంది. మడమ వేస్తే కరకరమంటుంది. ఆ పొద్దున్నే ఊడ్చుకోవాలి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగిందంటే మళ్ళీ చెమ్మగిల్లి నేలలోకి ఇంకిపోతుంది. ఉన్నది ఒక్క పూటే.

అక్క రెండువేళ్ళతో తీసి నా నాలుక మీద పెట్టేది. "సేదు ఎక్కడ తగిలింది? ముందా, ఎనకా?" అని అడిగేది. నాలుక వెనక తగిలితే ఇంకా ఆగాలి. తప్పు చెబితే నెత్తిన మొట్టేది. ఆవిడ మొట్టికాయలతో వచ్చిన ఆ చదువునే నేను ఉప్పు కచేరీకి అమ్ముకున్నాను.

ఎందుకు చేశావంటే, ఉద్యోగం కోసం. ఇంకేదో కారణం చెప్పి నన్ను నేను వెనకేసుకురాను. చెప్పులు, గొడుగు, తెల్లచొక్కా, నలుగురూ "గుమాస్తాగారండి" అనడం. ఇవి కావలసి వచ్చాయి. ఇంకోటి కూడా ఉంది, అది చెప్పకపోతే ఈ రాత దండగ. నేను చెప్పిన రోజుకి, చెప్పిన చోట, చెప్పినంత మందాన పొడి లేస్తే నాకు భలే సరదాగా ఉండేది. ఆ సరదా ముందు పల్లెవాళ్ళ తిండి గుర్తుకొచ్చేది కాదు.

ఇక మా ఇన్స్పెక్టరు దొర. ఆయన మంచు దేశంలో పెరిగినవాడు. తల్లివైపువాళ్ళది అక్కడెక్కడో ఉత్తరాన, ఏడాదిలో సగం నేల కనపడని కొండ ఊరట. అక్కడ జనం కాళ్ళకి పొడుగాటి చెక్కలు కట్టుకుని కొండమీంచి కిందికి జారతారట. పనిమీద కాదు, సరదాకి. ఆ సరదా కోసం వచ్చేవాళ్ళకి కొండమీద ఒక సత్రం, ఆ సత్రం గోడకి ఒక పలక. రాత్రి ఎంత మంచు పడింది, అది పొడిపొడిగా ఉందా ముద్దగా ఉందా, పైన పెచ్చు కట్టిందా, రేపు పడుతుందా పడదా, అన్నీ రోజూ పొద్దున్నే ఆ పలక మీద రాసిపెడతారట. అది చూసుకునిగాని ఎవరూ కొండెక్కరు. కొత్తగా పడ్డ పొడి గురించి చెప్పేటప్పుడు దొర గొంతు మెత్తబడేది. మనుషుల గురించి చెప్పేటప్పుడు అది అలా మెత్తబడగా నేను ఎన్నడూ వినలేదు.

మా పర్ర చూసిన మొదటి రోజే ఆయనకి ఆ పలక గుర్తొచ్చిందట. నా ఫారం అలా పుట్టింది. లోతు ఎన్ని వేళ్ళు, పొడా, రవ్వా, పెచ్చా, తడి ఎంత, గాలి ఎటు, రేపటి సూచన ఏమిటి. దాన్ని నేను ఏడుగంటలకల్లా నింపితే ఒక బంట్రోతు రెండు కోసుల దూరంలో ఉన్న క్యాంపు బంగళాకి పట్టుకెళ్ళేవాడు. దొర ఎదురుపడ్డప్పుడల్లా మునిషీ దగ్గర నేర్చిన తెలుగులో ఒక్కటే ప్రశ్న. "నేడు పొడి ఎటులున్నది?" ఒంట్లో ఎలా ఉందని ఆయన ఎవర్నీ అడిగి ఎరగడు.

ఒకసారి పడవలు కట్టే వడ్రంగి చేత రెండు చెక్కలు చేయించి, వాటి కొసలు పైకి వంపించి, బూట్లకి కట్టుకుని కాలవగట్టు మీంచి పర్ర మీదికి జారాడు. రెండు బారలు బాగానే వచ్చాడు. తర్వాత పైపెచ్చు పగిలి మొలలోతు బురదలో దిగబడ్డాడు. చెక్కలు లోపల, దొర బయట, టోపీ ఎక్కడో. అవతల పీతలు ఏరుకుంటున్న ఆడవాళ్ళలోంచి మా అక్క గొంతు పైకి లేచింది. "కొంగకి కొయ్యకాళ్ళు కట్టి ఒదిలినట్టున్నారే!" అంది. అందరూ పకపకమన్నారు. ఆవిడ ఏమన్నదని దొర నన్ను అడిగాడు. మీ క్షేమం కనుక్కుంటోందండి అన్నాను. ఆయన బురదలోంచే తల వంచి ఆవిడకి వందనం చెప్పాడు. ఆవిడ నవ్వు అంత దగ్గరగా వినడం నాకు అదే ఆఖరు.

ఎందుకంటే ఆ నెలలోనే నా రిపోర్టు దెబ్బ మొదటిసారి పల్లెకి తగిలింది. ఫలానా రోజు పొద్దున్న రవ్వ కడుతుందని రాశాను. ఆ ముందు సాయంత్రమే వచ్చి తొక్కేశారు. మర్నాడు చీపుళ్ళూ తట్టలూ పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళకి ఎద్దుల గిట్టల గుంటలూ, గట్టుమీద గొడుగు వేసుకుని నేనూ కనపడ్డాం. అక్క తిన్నగా నా ఎదటికి వచ్చింది. నా చేతిలో ఫారం వైపు చూసింది. ఆవిడకి చదువు రాదు గాని, ఆ కాగితం ఏమిటో తెలిసిపోయింది.

"ఒరే, ఆ రుసి నీ నాలిక మీద పెట్టింది నేనేరా" అంది.

ఆవిడ నా కాళ్ళ దగ్గర ఉమ్మేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. నేను పంపిన బియ్యం వాకిట్లోనే ఉండిపోయి కోళ్ళపాలయ్యాయి. ఒకసారి బంట్రోతులు మాటువేసి ముగ్గురు ముసలమ్మల తట్టలు లాక్కుని, ముసలమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరికి నడిపించారు. అది కూడా నేను రాసిన సూచన ప్రకారమే జరిగింది. బంట్రోతులు ఆ పొద్దున్న గట్టు వెనకాల నక్కి కూర్చున్నారు. అప్పట్నుంచి పల్లెలో నా పేరు చెబితే పసిపిల్లలు కూడా గట్టు వెనక్కి చూసేవారు.

మూడో వేసవిలో రంగూను మేస్త్రీ దిగాడు. బియ్యం మిల్లులకి మనుషుల్ని తీసుకెళ్ళేవాడు. నున్నటి మాటలు, చేతికి ఉంగరాలు. ఆ మనిషిని చూస్తేనే నాకు కడుపు మండేది. అంతకుముందు మా పల్లె నుంచి వెళ్ళిన ఆడవాళ్ళలో తిరిగొచ్చింది ఒక్కర్తే, అదీ ఊకదుమ్ముకి ఊపిరి అందక పట్టుమని మూడునెలలు బతకలేదు. అక్క తన పేరు రాయించుకుందని మేస్త్రీయే నాకు ఎదురుపడి చెప్పాడు.

"మీ అక్కగారు మహా గట్టి మనిషండి. ఈ వైశాఖం పొడి దొరికితే ఉంటదంట. దొరక్కపోతే అమావాస్య ఎల్లాక ఓడ ఎక్కుతానందండి. మరి తమరి చేతిలోనే ఉందన్నమాట!" అని నవ్వాడు.

రెండేళ్ళుగా పొడి లేక ఆవిడ చేపకి ఉప్పు పట్టించలేదు. కొఠారు ఉప్పు కొని చేపకి పట్టిస్తే చేపకంటే ఉప్పే ఖరీదు. సంతలో ఆవిడ కూర్చునే చోటు ఇంకొకామె ఆక్రమించింది. వైశాఖం చివర వలకి సొరచేపలు పడతాయి. వాటికి ఉప్పు లేకుండా కుదరదు. ఈ ఒక్కసారి ఉప్పు దొరికి, ఆ సొరచేప సంతకెక్కితే అక్క నిలబడుతుంది. లేకపోతే ఆవిడ రంగూనులో ఊక మింగుతుంది. సంగతి ఇంత తేలిక. నాకు ఎప్పుడూ ఏ పరీక్షా ఇంత తేలిగ్గా అర్థం కాలేదు.

ఆ పౌర్ణమికి పోటు బాగా ఎక్కింది. పడమటి గాలి ఐదురోజులు ఆగకుండా కొట్టింది. ఐదోరోజు పీత బొరియలు తెల్లబడ్డాయి. ఆరోనాడు పొద్దున్న నేను దిగేసరికి పర్రంతా పొడి. వేలు పెడితే మొదటి కణుపు దాకా మునిగింది. నాలుక మీద వేసుకున్నాను. వెనకే తగిలింది, చేదు. అంటే ఎల్లుండి పొద్దున్న రవ్వ.

గట్టుమీద కూర్చుని ఫారం తీశాను. లోతు: లేదు. పొడి: లేదు. తడి: చాలా. రేపటి సూచన: నాలుగు రోజులవరకు ఏమీ లేవదు. మూడేళ్ళలో నేను రాసిన వాటిలో అంత చక్కటి దస్తూరీ ఇంకోటి లేదు. బంట్రోతు దాన్ని మడిచి తలపాగాలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే అక్క ఇంటికి వెళ్ళాను. ఆవిడ కత్తిపీటకి పదును పెడుతోంది. నన్ను చూసి లేవలేదు, ఆపలేదు.

"అక్కా, ఎల్లుండి పొద్దున్న రండి. పొడి బాగా లేచింది. రెండో మంచు పడేదాకా ఆగండి. ఎవరూ రారు. నేను అక్కడ ఏమీ లేదని రాసి పంపాను."

ఆవిడ కత్తి మీద బొటనవేలు పెట్టి చూసుకుంది. "ఎవరూ రారా?"

"రారు. ఒట్టు."

"కిందటేడు ముసలోళ్ళని లాక్కెల్లినప్పుడూ ఎవరూ లేనట్టే ఉంది గదరా పర్ర మీద. గట్టు ఎనకాల్నించి లేసేరు."

"అది వేరు అక్కా..."

"ఏంటి వేరు? అప్పుడూ రాసింది నువ్వే. ఇప్పుడూ సెప్తంది నువ్వే." అప్పుడు నా మొహంలోకి చూసింది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి. "ఎల్లుండా? సరే. పో."

సరే అన్నది కదా అని నేను నమ్మాను. అంత గుడ్డివాణ్ణి. ఆవిడ నన్ను ఎంత ఎరుగునో నేను ఆవిణ్ణి అంత ఎరగలేదు. వస్తూ వస్తూ ఈలపాట కూడా పాడుకున్నట్టు గుర్తు.

ఏడోనాడు పొద్దున్న మళ్ళీ అబద్ధం రాశాను. ఎనిమిదోనాడు ఎండ ఎక్కే వేళకి గట్టెక్కి చూశాను. పల్లె వైపున్న సగం పర్ర గోకేసిన గిన్నెలా ఉంది. నేలమీద చీపురు గీతలు, తట్టలు దించిన గుండ్రటి గుర్తులు. నిన్న మిట్టమధ్యాహ్నం, పర్రమీద కాకి కూడా ఎగరని ఎండలో వచ్చి ఊడ్చుకుపోయారు. ఒక్క మంచు మాత్రమే పడ్డ పొడిని. చేదు దిగని పొడిని.

మిగిలిన సగం నా ఎదురుగా మెరుస్తోంది. కాలు వేస్తే కరకరమంది. తీసి నోట్లో వేసుకున్నాను. చేదు ఎక్కడా లేదు. నా జన్మలో అంత మంచి రవ్వ చూడలేదు. ఉండేది సాయంత్రం గాలి తిరిగేదాకా. చెప్పులు చేత పట్టుకుని పల్లెకి పరిగెత్తాను.

అక్క వాకిట్లో కుండలు వరసగా ఉన్నాయి. మూతులదాకా తెల్లటి పొడి. ఆవిడ చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. నన్ను చూడగానే మాటలు ఆగిపోయాయి.

"అక్కా, అది చేదు. ఇవాళ పొద్దున్నకి మిగతాది రవ్వ కట్టింది. ఇప్పుడు రండి, అందరూ రండి. నేను ముందు నడుస్తాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క కుండమీద మూకుడు పెట్టి, చేతులు దులుపుకుంది.

"సేదని నాకు సెప్తావా నువ్వు? సిల్లుపెట్టిన కుండలో పోసి ఏలాడదీస్తే వారంలో సేదు కారిపోద్ది. ఇయ్యాల అక్కడికి ఎవులెల్తే ఆళ్ళు దొరికిపోతారు. ఎల్లి మీ దొరకి సెప్పు, పిట్టలు నిన్ననే ఎగిరిపోయాయని."

"గట్టు వెనకాల ఎవరూ లేరక్కా. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెయ్యకు. ఓడెక్కినా ఎక్కకపోయినా నా బతుకు నాకు కావాలి."

బతిమాలాను. కాళ్ళమీద పడబోతే వెనక్కి జరిగింది. నేను ఎంత గట్టిగా రమ్మంటే అది అంత ఉచ్చులా కనపడుతోందని నాకు అప్పుడు అర్థమైంది. పట్టించేవాడు కూడా సరిగ్గా ఇలాగే బతిమాలతాడు.

తిరిగి పర్ర దగ్గరికి వచ్చేసరికి గట్టుకింద గుర్రం కట్టేసి ఉంది. దొర ఒక్కడే ఉన్నాడు. షికారుకి వచ్చాడట. టోపీ తీసి చేత పట్టుకుని, ఆ మిగిలిన తెల్లదనం అంచున మోకాళ్ళమీద కూర్చున్నాడు. గుప్పెడు రవ్వ తీసి వేళ్ళసందుల్లోంచి గాలికి వదులుతున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. చెబితే ఎవరూ నమ్మరు, నేను చూశాను. నన్ను చూడగానే తేరుకున్నాడు. జేబులోంచి నా ఫారాలు రెండూ తీశాడు.

"దీనియందు నీవేమి వ్రాసితివి?"

నేను చేతిలో చెప్పులు కింద పెట్టాను.

"మా దేశమున పలకమీద ఇట్టి అబద్ధము వ్రాసినచో, దానిని నమ్మి కొండ ఎక్కినవారు మంచు క్రింద పడి చచ్చెదరు. ఎరుగుదువా?"

"ఇక్కడ ఎవరూ చావరండి" అన్నాను. "ఇక్కడ నిజం రాస్తేనే చస్తారండి."

ఆయన మొహం ఎర్రబడింది. కొట్టలేదు. కొడితే బాగుండేది. గట్టు వెంట పశువుల్ని తోలుకెళ్తున్న మనిషి చేత బంట్రోతుల కోసం కబురు పంపాడు. వాళ్ళు వచ్చేదాకా ఊరుకోలేదు. "నీవు మొదలుపెట్టుము" అని వేలితో నేల చూపించాడు. వట్టికాళ్ళతో ఆ రవ్వ తొక్కాను. కరకరమని చప్పుడు, తర్వాత చిత్తడి, తర్వాత నల్లగా బురద. మధ్యాహ్నం దాటాక బంట్రోతులు, ఎద్దులు వచ్చి మిగతాది పూర్తిచేశారు. సాయంత్రానికి నా ఉద్యోగం పోయింది. దాని గురించి నాకు చీమకుట్టినంత బాధ లేదు. అరికాళ్ళు మాత్రం పదిరోజులు మండాయి.

కుండలు వారంరోజులు వేలాడితే అక్క అన్నట్టే చేదు కారిపోయేది. ఆవిడ లెక్క తప్పేమీ కాదు. కాని మూడోరోజే సొరలు పడ్డాయి. పట్టిన సొర మర్నాటిదాకా ఆగదు. ఆ ఆడవాళ్ళందరూ కత్తులు పట్టుకుని కూర్చుని, ముక్కలు కోసి, ఆ పొడే పట్టించారు. ఇంకేం చేస్తారు? నాలుగోనాటికి ముక్కలు మెత్తబడి నీరు కారడం మొదలెట్టాయి. ఎండలో వేస్తే పైన గట్టిపడి లోపల కుళ్ళాయి. ఊరి చివరిదాకా ఆ వాసన కొట్టింది. అక్క ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలి, ఉమ్మేసి, ఎవరితోనూ ఏమీ అనకుండా ఇసకలో గొయ్యి తవ్వి అన్నీ అందులో పూడ్చేసిందట. నేను చూడలేదు, చూసినవాళ్ళు చెప్పారు.

అమావాస్య వెళ్ళిన నాలుగోరోజు కాకినాడ రేవుకి వెళ్ళాను. ఓడ దూరంగా లోతు నీళ్ళలో ఉంది. మనుషుల్ని పడవల్లో దాని దగ్గరికి చేరేస్తున్నారు. మేస్త్రీ గొర్రెల్ని తోలినట్టు తోలుతున్నాడు. వాడి ఉంగరాల చెయ్యి నరికేద్దామన్నంత కోపం వచ్చింది. కాని అక్కని అక్కడిదాకా తోలింది వాడు కాదు, నేను. అక్క ఒక మూట చంకన పెట్టుకుని వరసలో నిలబడి ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. తర్వాత ఏమనుకుందో వరసలోంచి బయటికి వచ్చింది.

మనిషి సగమైపోయింది. కళ్ళు లోపలికి పోయాయి. నిద్ర లేదని తెలుస్తోంది.

"ఒరే" అంది. "ఒక్కటి అడుగుతాను. నిజం సెప్పు. ఎల్లిపోతన్నాను, ఇంక నాతో నీకేం పని లేదు."

"అడుగక్కా."

"ఆ ఎనిమిదోనాడు పొద్దున్న పర్రమీద ఎవరూ లేరంట. దొరొచ్చాక, పగలు సగం ఎల్లాకే బంట్రోతులు ఒచ్చేరంట. పశువుల్ని తోలుకెల్లినోడు సెప్పేడు. నిజమేనా? నువ్వు సెప్పినట్టు ఆ రోజు ఒస్తే... నేనే సేదు పొడి తెచ్చి అందరి సేపా కుళ్ళబెట్టేనా?"

నాకు అప్పుడు ఆవిడ నిద్ర ఎందుకు పట్టడం లేదో తెలిసింది. నేను ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న క్షణం అది. అవునక్కా, నేను ఒక్కసారి నిజం చెప్పాను, నువ్వే నమ్మలేదు అని అంటే చాలు. నా మచ్చ పోతుంది. ఆవిడ నన్ను దగ్గరికి తీసుకునేది కూడా. తర్వాత ఆ మాటని మూటలో పెట్టుకుని, సముద్రం దాటి, ఊకదుమ్ములో కూర్చుని బతికినన్నాళ్ళూ నములుతుంది.

"లేకపోవడమేంటి? ఉన్నారు" అన్నాను. "తెల్లారకముందే వచ్చి గట్టు వెనకాల కూర్చున్నారు. ఎనిమిదిమంది. మీరు వచ్చి ఉంటే మిమ్మల్నందర్నీ పట్టుకుపోయేవారు."

"నువ్వు తెలిసే పిలిసేవా?"

"తెలిసే పిలిచాను. దొర జీతం పెంచుతానన్నాడు. మీరు రాలేదని కోపంతో తీసేశాడు."

ఆవిడ భుజాలు కిందికి దిగాయి. మూట ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంది. మొహంలో మళ్ళీ నెత్తురు ఆడింది. పిఠాపురం సంతలో బేరం గెలిచినప్పుడు ఉండే మొహం అది.

"నాకు తెల్సు" అంది. "నాకు ముందే తెల్సురా."

నా కాళ్ళ దగ్గర ఉమ్మేసి, తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి పడవెక్కింది.

పర్ర గురించి నేను తప్పుడు సమాచారం ఇచ్చింది ఇద్దరికే. ఒకరు దొర, పట్టుబడిపోయాను. ఇంకొకరు అక్క, నమ్మింది.